డిక్కీలో గాలిపటాలకు చోటుంది.. మందుల సంచికి లేదా?

సంక్రాంతి సెలవులకు ముందు రోజు సాయంత్రం చాదర్‌ఘాట్ వంతెన దాటి, మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ మీదుగా ఎల్బీ నగర్ దాకా ఒకసారి వెళ్లి చూడండి. ఊరికి పోయే కార్లన్నీ బారులు తీరి ఉంటాయి. ప్రతి డిక్కీ నిండా సూట్‌కేసులు, కొత్త బట్టలు, మిఠాయి డబ్బాలు. వెనుక అద్దం దగ్గర ధూల్‌పేటలో కొన్న పిల్లల గాలిపటాలు, చరఖాలు. వెనుక సీట్లో మంకీ క్యాప్ పెట్టుకున్న తాతయ్య, శాలువా కప్పుకున్న నానమ్మ. ఆ ఇద్దరి బీపీ, షుగర్ గోలీలు ఎక్కడున్నాయని అడిగితే మాత్రం సగం కార్లలో ఒకటే జవాబు వస్తుంది: "పెద్ద బ్యాగులో ఎక్కడో అడుగున ఉన్నాయి."

పాతబస్తీలోని ప్రభుత్వ ఆస్పత్రిలో పనిచేసే ఫిజీషియన్‌గా నా అభిప్రాయం సూటిగా చెప్తాను. చలికాలంలో బండిలో పెట్టుకోవాల్సిన అత్యవసర సంచి అంటే ఆన్‌లైన్‌లో కొనే ఎర్ర డబ్బా కాదు. బండిలో కూర్చునే మనుషులను ఒక్కొక్కరినీ తలుచుకుని, వాళ్ల జబ్బులకు తగ్గట్టు ఇంట్లోనే సర్దుకునే సంచి. అందుకు అరగంట చాలు. ఆ అరగంట పెట్టకనే పండగ రోజుల్లో ఎమర్జెన్సీ వార్డులకు రావాల్సిన అవసరం లేని వాళ్లు కూడా వస్తున్నారు.

మన చలి వేరు, మన ప్రమాదం వేరు

చలికాలం రాగానే ఫోన్లలో తిరిగే జాబితాలు చాలావరకు అమెరికా, కెనడాలవి. మంచు తవ్వే పార, చక్రాల కింద పోయడానికి ఇసుక, అద్దం మీద మంచు గీకే బద్ద.. డల్లాస్‌లోనో డెట్రాయిట్‌లోనో ఉన్న మన పిల్లలకు అవి కావాలి. మనకు అక్కర్లేదు. హైదరాబాద్‌లో రికార్డయిన అతి తక్కువ ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలు, అది కూడా 1946 జనవరిలో. ఇక్కడ బండి మంచులో కూరుకుపోదు.

అలాగని మన చలి ఉత్తదేం కాదు. తెల్లవారుజామున ఔటర్ రింగ్ రోడ్డు మీద, చౌటుప్పల్ దాటాక, షాద్‌నగర్ వైపు పొగమంచు కమ్మితే ముందున్న లారీ వెనుక లైట్లు కూడా కనపడవు. చల్లగాలి నేలకు దగ్గరగా నిలిచిపోవడంతో బండ్ల పొగ, దుమ్ము అందులోనే చిక్కుకుంటాయి. ఆస్తమా, సీఓపీడీ ఉన్నవాళ్ల ఊపిరి గొట్టాలు బిగుసుకుపోతాయి. చలికి రక్తనాళాలు కుంచించుకుని బీపీ పెరుగుతుంది, గుండె మీద భారం పడుతుంది. దాహం వేయదు కాబట్టి నీళ్లు తాగరు. దారిలో బాత్‌రూం దొరకదేమోనని ఆడవాళ్లు కావాలనే మానేస్తారు. వీటన్నిటికీ తోడు పండగ ట్రాఫిక్. నాలుగైదు గంటల్లో చేరాల్సిన విజయవాడకు పంతంగి టోల్‌ప్లాజా దగ్గరే పొద్దుపోతుంది. మన దగ్గర చలికాలపు అత్యవసర పరిస్థితి అంటే ఇదే. గడ్డకట్టి కాదు, వేళకు తినక, వేళకు మందు వేసుకోక, వేళకు ఆస్పత్రికి చేరక ప్రాణం మీదికి తెచ్చుకోవడం.

'దారి పొడవునా మెడికల్ షాపులున్నాయి కదా!'

ఈ మాట అనే వాళ్లు చాలామంది. నిజమే, విజయవాడ హైవే మీద నార్కట్‌పల్లిలో, సూర్యాపేటలో మెడికల్ కాలేజీ ఆస్పత్రులున్నాయి. పగటిపూట ఏ ఊళ్లో ఆగినా మందుల షాపు దొరుకుతుంది. కానీ మూడు సంగతులు మరిచిపోవద్దు. ఒకటి, రాత్రి రెండింటికి ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు ఎదురుగా షాపు కనపడినా అక్కడికి చేరలేరు. రెండు, మీ అమ్మగారు వాడే గోలీ పేరు మీకు తెలియదు. "తెల్లగా, చిన్నగా ఉంటుంది" అని చెబితే ఏ షాపతను ఇస్తాడు? మూడు, అన్ని దారులూ విజయవాడ దారిలా ఉండవు. శ్రీశైలం వెళ్లే నల్లమల దారిలో మన్ననూరు దాటాక అడవే. అక్కడ రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా బండ్లను వదలరు. చెక్‌పోస్టు దగ్గర ఆగిపోతే ఆ చలిలో, ఆ రాత్రికి మీ సంచిలో ఉన్నదే మీకు దిక్కు.

మనుషులను చూసి సర్దండి

షుగర్ ఉన్నవాళ్లు: ప్రయాణంలో వీళ్లకు అసలు ప్రమాదం షుగర్ పెరగడం కాదు, పడిపోవడం. ఇంట్లో అలవాటు ప్రకారం ఇన్సులిన్ తీసుకుని, లేదా గ్లిమెపిరైడ్ రకం గోలీ వేసుకుని 'గంటలో దాబా దగ్గర తిందాం' అనుకుంటారు. ఆ గంట మూడు గంటలవుతుంది. చెమటలు, వణుకు, చిరాకు, మాట తడబడటం.. చలికి వణుకుతున్నారనుకుని ఇంట్లో వాళ్లు దుప్పటి కప్పుతారు. చలికాలంలో ఈ పొరపాటు మరీ సులువుగా జరుగుతుంది. అందుకే ఒకటే నియమం: తిండి చేతికందాకే ఇన్సులిన్, తిండి చేతికందాకే గోలీ. సంచిలో గ్లూకోజ్ పొడి లేదా చక్కెర, బిస్కెట్లు, వీలైతే గ్లూకోమీటర్. లక్షణాలు కనపడితే 3 టీస్పూన్ల గ్లూకోజ్ నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ చూడండి. తగ్గకపోతే మళ్లీ ఇవ్వండి. తేరుకున్నాక తిండి పెట్టండి. స్పృహ లేకపోతే మాత్రం నోట్లో చుక్క కూడా పోయొద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి.

ఇన్సులిన్‌ను డ్యాష్‌బోర్డులో పెట్టొద్దు. జనవరి మధ్యాహ్నం కూడా ఎండలో నిలిపిన కారు లోపల పొయ్యిలా ఉంటుంది. అలాగని ఐస్ ముక్కలకు ఆనించినా గడ్డకట్టి పాడవుతుంది. మూత వెడల్పుగా ఉన్న ఫ్లాస్కులోనో, షాపుల్లో దొరికే ఇన్సులిన్ పౌచ్‌లోనో పెట్టి మీ దగ్గరే ఉంచుకోండి.

ఆస్తమా, సీఓపీడీ ఉన్నవాళ్లు: వెంటనే పనిచేసే ఇన్హేలర్, స్పేసర్ చేతికందే చోట ఉండాలి, డిక్కీలో కాదు. బయల్దేరే ముందే డబ్బాలో మందుందో లేదో చూసుకోండి. ఆయాసం వస్తే కూర్చోబెట్టి, స్పేసర్‌తో ఒక్కో పఫ్ మధ్య అర నిమిషం నుంచి నిమిషం ఆగుతూ 10 పఫ్‌ల దాకా ఇవ్వొచ్చు. ఈలోగా 108కి ఫోన్ వెళ్లిపోవాలి. ముక్కు, నోరు కప్పుకునే మెత్తటి స్కార్ఫ్ కూడా మందులాంటిదే. చల్లగాలి నేరుగా ఛాతీలోకి పోకుండా ఆపుతుంది.

గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్లు: ప్రయాణం ఎన్ని రోజులో అన్నిటికీ మరో మూడు రోజుల గోలీలు కలిపి పెట్టుకోండి. నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ ఎవరికి రాసిచ్చారో వాళ్లకే. ఛాతీ నొప్పి అనగానే పక్కింటాయన గోలీ తెచ్చి నాలుక కింద పెడితే బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు. యాస్పిరిన్ కూడా మీ డాక్టరు ముందే చెప్పి ఉంటేనో, 108 వాళ్లు ఫోన్‌లో చెబితేనో నమిలించాలి. మూతి వంకర పోయి, చెయ్యి పడిపోయి, మాట ముద్దగా వస్తే అది పక్షవాతం. అప్పుడు యాస్పిరిన్ వద్దు, బీపీ గోలీ వద్దు. లక్షణం మొదలైన టైం కాగితం మీద రాసుకుని, సీటీ స్కాన్ ఉన్న ఆస్పత్రికి పరుగెత్తండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు ఉండే గడువు నాలుగున్నర గంటలు. ఆ లెక్క మీరు రాసుకున్న టైం నుంచే మొదలవుతుంది.

పసిపిల్లలు: పసివాళ్ల ఒంట్లో వేడి పెద్దవాళ్ల కంటే తొందరగా పోతుంది. టోపీ, సాక్సులు, ఒక జత పొడి బట్టలు అదనంగా పెట్టండి. తడిసిన డైపర్, తడిసిన గౌను మార్చకుండా పైన ఎన్ని దుప్పట్లు కప్పినా లాభం లేదు. బిడ్డ ఒళ్లు చల్లబడితే అమ్మ ఛాతీకి నేరుగా ఆనించి పైన శాలువా కప్పండి. అంతకంటే మంచి హీటర్ లేదు. జ్వరానికి పారాసెటమాల్ సిరప్, బిడ్డ బరువును బట్టి డాక్టరు చెప్పిన మోతాదు సీసా మీదే రాసి పెట్టుకోండి.

నడిపేవాళ్ల సంగతి ఎవరికీ పట్టదు

అందరి మందులూ సర్దుతాం, స్టీరింగ్ పట్టుకున్న మనిషిని మరిచిపోతాం. చలికాలంలో డ్రైవింగ్‌కు మన ఇళ్లల్లో ఉన్న అతి పెద్ద శత్రువు జలుబు గోలీ. సిట్రజిన్, క్లోర్‌ఫెనిరమిన్ ఉన్న గోలీలు, కొన్ని దగ్గు సిరప్‌లు మత్తు తెస్తాయి. "చిన్న గోలీయే కదా సార్" అంటారు. ఆ చిన్న గోలీ వేసుకుని తెల్లవారుజామున మూడింటికి పొగమంచులో బండి నడపడం అంటే కళ్లకు గంతలు కట్టుకున్నట్టే. జలుబు గోలీ వేసుకున్నవాళ్లు వెనుక సీట్లో కూర్చోవాలి. వేరే డ్రైవర్ లేకపోతే ప్రయాణం తెల్లారాక పెట్టుకోవాలి. ఇందులో మొహమాటం అక్కర్లేదు.

షుగర్ మందులు వాడేవాళ్లు నడుపుతుంటే, బయల్దేరే ముందు ఒకసారి, ఆ తర్వాత రెండు గంటలకొకసారి షుగర్ చూసుకోవడం మంచిది. రెండు గంటలకొకసారి అందరూ కిందికి దిగి నాలుగు అడుగులు వేయాలి. గంటల తరబడి కదలకుండా కూర్చుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెద్దవాళ్లకు, గర్భిణులకు ఎక్కువ.

బండికి కావాల్సినవి

మెరిసే త్రికోణం, మంచి టార్చిలైటు, ఒక దుప్పటి, మనిషికి రెండు లీటర్ల చొప్పున నీళ్లు, ఫోన్ చార్జర్, మెరుపు పట్టీలున్న జాకెట్. వీటిలో చాలావరకు అఫ్జల్‌గంజ్, కోఠి చుట్టుపక్కలే దొరుకుతాయి. బండి ఆగిపోతే రోడ్డు మీద నిలపకుండా వీలైనంత పక్కకు తీయండి. త్రికోణాన్ని కనీసం 50 మీటర్ల వెనుక పెట్టండి. పొగమంచులో ఇంకా దూరం. ఆ తర్వాత అందరూ బండి వెనుక కాదు, రోడ్డు పక్క రెయిలింగ్ అవతల నిలబడాలి. ఆగిన బండిని వెనుక నుంచి మరో బండి గుద్దే ప్రమాదం పొగమంచులో చాలా ఎక్కువ.

ఒక చిన్న సుత్తి, సీటు బెల్టు కోసే కత్తి కూడా కొనమంటాను. 2013 అక్టోబర్ 30 తెల్లవారుజామున మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర బస్సు తగలబడి 45 మంది చనిపోయారు. 2025 అక్టోబర్ 24న కర్నూలు శివారు చిన్నటేకూరు దగ్గర మళ్లీ అలాంటి ఘోరమే చూశాం. మంటల్లో తలుపు తెరుచుకోకపోతే అద్దమే దారి. ముందు అద్దం పగలదు, పక్క అద్దాన్ని మధ్యలో కాకుండా మూల మీద కొట్టాలి. కారులో అయితే సుత్తి డ్రైవర్ చేతికందేలా ఉండాలి. బస్సు ఎక్కితే కూర్చోగానే ఎమర్జెన్సీ తలుపు ఎక్కడుందో చూసుకోవాలి. ఇది భయం కాదు, సీటు నంబరు చూసుకున్నంత మామూలు పని కావాలి.

ఇంకో మాట. చలికి ఇంజిన్ ఆన్‌లో ఉంచి, అద్దాలన్నీ ఎక్కించి కారులో నిద్రపోవద్దు. మూసిన షెడ్డులో అసలే వద్దు. నిప్పుల కుంపటిని బండిలోకి తేవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, మగత.. ఆ మగతలోనే ప్రాణం పోతుంది. చలికి దుప్పటే మందు.

ప్రథమ చికిత్స డబ్బాలో ఏముండాలి?

కారు కొన్నప్పుడు ఇచ్చిన డబ్బా చాలామంది ఇప్పటికీ సీలు తీయలేదు. ఈ ఆదివారం తీసి చూడండి. అందులో మందుల గడువు ఎప్పుడో ముగిసి ఉంటుంది. ఉండాల్సినవి ఇవి: శుభ్రమైన గాజుగుడ్డ, వెడల్పాటి బ్యాండేజీలు, ప్లాస్టర్, కత్తెర, గ్లవ్స్, పారాసెటమాల్, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు. అంతే. యాంటీబయోటిక్స్, నొప్పి ఇంజెక్షన్లు, నిద్ర గోలీలు వద్దు. స్ప్రే డబ్బాలు, శానిటైజర్ ఎండలో నిలిపే కారులో వదిలేయొద్దు. గోలీలన్నీ బయల్దేరేటప్పుడు సంచిలోకి, ఇంటికొచ్చాక బీరువాలోకి.

రక్తం కారుతుంటే గాజుగుడ్డతో గట్టిగా నొక్కి పట్టండి, తీసి తీసి చూడొద్దు. గుచ్చుకున్నదాన్ని పీకొద్దు. కాలినచోట 20 నిమిషాలు చల్లటి నీళ్లు పోయాలి, టూత్‌పేస్ట్ రాయొద్దు. ప్రమాదంలో గాయపడినవాళ్లకు నీళ్లు తాగించొద్దు, మెడ వంచి లేపొద్దు.

వీటన్నిటికంటే విలువైంది ఒక కాగితం. ప్రతి మనిషికి ఒక్కటి: పేరు, వయసు, జబ్బులు, వాడే మందులు మోతాదుతో సహా, పడని మందులు, ఇద్దరి ఫోన్ నంబర్లు. అందరూ బ్లడ్ గ్రూప్ రాస్తారు. రాయండి, తప్పేం లేదు. కానీ రక్తం ఎక్కించే ముందు మేం ఎలాగూ మళ్లీ పరీక్షిస్తాం. రక్తం పలచబడే గోలీ వాడుతున్నారా అన్నది మాత్రం మీరు చెబితేనే తెలుస్తుంది. తలకు దెబ్బ తగిలిన మనిషి విషయంలో ఆ ఒక్క మాట వైద్యాన్నే మార్చేస్తుంది.

టూవీలర్ మీద వెళ్లేవాళ్లకు

కారు లేని ఇళ్లే మా పాతబస్తీలో ఎక్కువ. అమ్మానాన్నల మధ్య పసిబిడ్డను కూర్చోబెట్టుకుని తెల్లవారుజామున బండి మీద ఊరికి బయల్దేరేవాళ్లను చూస్తుంటాం. బండి వేగానికి చలి రెట్టింపు తగులుతుంది. బిడ్డ ఉన్నప్పుడు ఎండ వచ్చాక బయల్దేరండి, లేదంటే ఎంజీబీఎస్‌లో బస్సెక్కండి. బండి నడిపేవాళ్ల మెడకు మందపాటి మఫ్లర్ తప్పనిసరి. అది చలికే కాదు, చైనా మాంజాకు కూడా. 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ నిషేధించినా ఆ దారం అమ్మకం ఆగలేదు. 2024 సంక్రాంతి వేళ లంగర్‌హౌజ్ ఫ్లైఓవర్ మీద ఒక జవాను ప్రాణం తీసింది అదే. మీ పిల్లల చరఖాలో ఏ దారం ఉందో చూడటం కూడా ప్రయాణ జాగ్రత్తే.

ఫోన్ చేయడానికి వెనుకాడొద్దు

2005 ఆగస్టు 15న మన ఉమ్మడి రాష్ట్రంలోనే 108 మొదలైంది. జాతీయ రహదారి మీద బండి చెడిపోయినా, ప్రమాదం జరిగినా 1033 ఉంది. పోలీసు, ఫైర్, ఏదైనా 112. ఫోన్ చేసినప్పుడు కిలోమీటరు రాయి నంబరు, దాటిన ఊరి పేరు చెప్పండి. ప్రమాదంలో ఉన్నవాళ్లకు సాయం చేస్తే కేసుల్లో ఇరుక్కుంటామన్న భయం ఇంకా పోలేదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలోని 134ఏ సెక్షన్ అలా సాయం చేసేవాళ్లకు రక్షణ ఇచ్చింది. మీ పేరు చెప్పమని కూడా బలవంతం చేయకూడదు. రోడ్డు ప్రమాద బాధితులకు నిర్దేశిత ఆస్పత్రుల్లో ఏడు రోజుల దాకా, లక్షన్నర రూపాయల వరకు నగదు రహిత చికిత్స ఇచ్చే పథకాన్ని కేంద్రం 2025 మేలో నోటిఫై చేసింది. డబ్బు లేదని గాయపడినవాళ్లను రోడ్డు మీద వదిలేయాల్సిన పని లేదు.

ప్రభుత్వానికీ ఒక మాట చెప్పాలి. ఏటా ఒకే తేదీల్లో, ఒకే దారిలో వచ్చే రద్దీ ఇది. అనుకోకుండా ముంచుకొచ్చే వరద కాదు. పండగ వారంలో ప్రతి టోల్‌ప్లాజా దగ్గర ఒక డాక్టరు, ఆక్సిజన్, నెబ్యులైజర్, ఈసీజీ, మందులతో చిన్న శిబిరం, ఆడవాళ్లకు శుభ్రమైన మరుగుదొడ్లు పెట్టడం కష్టమేమీ కాదు. డ్రైవింగ్ లైసెన్స్ పరీక్షలో ఎనిమిది ఆకారంలో బండి తిప్పిస్తున్నాం. రక్తం కారుతున్న మనిషిని ఎలా పట్టుకోవాలో కూడా అక్కడే చేయించి చూడాలి.

అవి వచ్చేదాకా మన సంచి మనమే సర్దుకుందాం. ఇంట్లో ఈ పని కూడా అమ్మ మీదే వదిలేయకండి. పిల్లలతో జాబితా రాయించండి, తాతయ్యతో తన మందుల పేర్లు చదివించండి, నాన్న గడువు తేదీలు చూడాలి. సర్దిన సంచిని డిక్కీలో కాకుండా ముందు సీటు కింద పెట్టండి. ఊరికెళ్లి వచ్చాక అది విప్పకుండా అలాగే తిరిగొస్తే, పండగ బాగా జరిగినట్టే.

(రచయిత పాతబస్తీలోని ప్రభుత్వ ఆస్పత్రిలో జనరల్ ఫిజీషియన్, ఎంబీబీఎస్, ఎండీ)